కొవ్వు, వాపు, చక్కెర: ఒక పరిశోధన చరిత్ర

1876లో జర్మనీలోని గ్యోటింగెన్ విశ్వవిద్యాలయ వైద్యాచార్యుడు విల్‌హెల్మ్ ఎబ్‌స్టైన్ బెర్లిన్ వైద్య వారపత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. మధుమేహ రోగులకు సోడియం సాలిసిలేట్‌ను పెద్ద మోతాదుల్లో ఇస్తే మూత్రంలో చక్కెర తగ్గుతోందన్నది దాని సారాంశం. అప్పటికి ఆ మందు కొత్తది. సాలిసిలిక్ ఆమ్లాన్ని ఫ్యాక్టరీలో చవగ్గా తయారు చేసే పద్ధతి వచ్చి రెండేళ్లే అయింది. కీళ్లవాతపు జ్వరానికి అది బాగా పనిచేస్తోందన్న వార్త కూడా ఆ ఏడాదే యూరప్ ఆసుపత్రుల్లో పాకింది. కీళ్ల వాపుకు వాడే మందు చక్కెరను ఎందుకు తగ్గిస్తోందో చెప్పగల శాస్త్రం మాత్రం ఆనాడు ఎవరి దగ్గరా లేదు.

1901లో మాంచెస్టర్ వైద్యుడు ఆర్. టి. విలియమ్సన్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇదే సంగతి మళ్లీ రాశారు. 1957లో అదే పత్రికలో మరో కథనం వచ్చింది. రోజూ ఇన్సులిన్ తీసుకునే ఒక రోగికి కీళ్ల నొప్పుల కోసం పెద్ద మోతాదులో ఆస్పిరిన్ ఇచ్చారు. ఆస్పిరిన్ వాడినన్నాళ్లూ అతనికి ఇన్సులిన్ అవసరం పడలేదు. ముగ్గురు వైద్యులు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు చోట్ల ఒకే విషయాన్ని చూశారు. అయినా దాని వెంట పడినవారు తక్కువ. చెవుల్లో హోరు, కడుపులో మంట తెప్పించేటంత మోతాదు కావలసి రావడం ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం 1921లో ఇన్సులిన్ దొరకడం. అప్పటి నుంచి మధుమేహమంటే ఇన్సులిన్ లేకపోవడమే అన్న అవగాహన స్థిరపడింది. లేనిదాన్ని సూదితో ఎక్కించగలిగినప్పుడు పాత సాలిసిలేట్‌తో పనేముంది?

ఆ అవగాహనకు మొదట బీటలు వేసినవారు లండన్ వైద్యుడు హెరాల్డ్ హిమ్స్‌వర్త్. ఇన్సులిన్ ఇస్తే వెంటనే చక్కెర దిగేవారు కొందరు, ఎంత ఇచ్చినా అంతగా దిగనివారు కొందరు ఉన్నారని ఆయన 1936లో చూపించారు. 1960లో రోజలిన్ యాలో, సోలమన్ బెర్సన్ రక్తంలో ఇన్సులిన్‌ను కొలిచే పద్ధతిని కనిపెట్టాక మిగిలిన అనుమానం కూడా తీరింది. పెద్ద వయసులో మధుమేహం వచ్చినవారిలో చాలామందికి ఇన్సులిన్ లేకపోవడం కాదు, మామూలుకన్నా ఎక్కువే ఉంది. ఉన్నది పనిచేయడం లేదు. దీన్నే ఇన్సులిన్ నిరోధకత అంటున్నాం. లావుగా ఉన్నవారిలో ఇది ఎక్కువ. కొవ్వుకూ ఇన్సులిన్ పనిచేయకపోవడానికీ మధ్య ఉన్న లంకె ఏమిటన్న ప్రశ్న ముప్ఫై ఏళ్లకు పైగా జవాబు లేకుండా ఉండిపోయింది.

జవాబు ఆలస్యం కావడానికి కొవ్వు మీద ఉన్న చిన్నచూపు కూడా కారణమే. శరీరశాస్త్ర పుస్తకాల్లో కొవ్వు కణజాలానికి దక్కిన చోటు స్వల్పం. అది చలి కాచుకోవడానికి, దెబ్బ తగలకుండా మెత్తగా ఉండటానికి, కరువులో కరిగించుకోవడానికి పనికొచ్చే నిల్వ పదార్థం, అంతే. జెరూసలేంలో పనిచేసిన ఎర్నెస్ట్ వెర్ట్‌హైమర్, బి. షపీరో 1948లో ఒక దీర్ఘ సమీక్ష రాసి, కొవ్వు నిరంతరం పనిచేసే అవయవమని వాదించారు. అంతకు ముందు ఏడాది మార్సెయ్ వైద్యుడు జాన్ వాగ్ మరో ముఖ్యమైన మాట చెప్పారు. కొవ్వు ఎంత ఉందన్నదానికన్నా ఎక్కడ ఉందన్నది ముఖ్యమని, పొట్ట చుట్టూ పేరుకునేది మధుమేహానికీ గుండె జబ్బుకూ దారితీస్తుందని, తుంటి, తొడల దగ్గర చేరేది అంత హాని చేయదని ఆయన రోగులను పరిశీలించి తేల్చారు. ఫ్రెంచ్‌లో వచ్చిన ఆ వ్యాసానికి ఇంగ్లిష్ ప్రపంచంలో గుర్తింపు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈ చరిత్ర మొత్తంలో అందరికన్నా ముందుచూపు ఉన్నది వాగ్‌కేనని నా అభిప్రాయం.

కొవ్వుకూ వాపుకూ, అంటే రోగనిరోధక వ్యవస్థ రేపే ఇన్‌ఫ్లమేషన్‌కూ, ఉన్న సంబంధం బయటపడింది స్థూలకాయాన్ని పరిశీలించిన ప్రయోగశాలలో కాదు, బక్కచిక్కిపోవడాన్ని పరిశీలించిన చోట. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఆంథొనీ సెరామీ బృందం ట్రిపనోసోమ్ అనే పరాన్నజీవి సోకిన కుందేళ్లను గమనిస్తోంది. ఆఫ్రికాలో పశువులను పట్టి పీడించే జబ్బుకు కారణం అదే. కుందేళ్లు ఎముకల గూళ్లవుతున్నాయి గానీ రక్తంలో మాత్రం కొవ్వు పేరుకుపోతోంది. రక్తంలోని కొవ్వును కణాల్లోకి చేర్చే ఎంజైమ్ పనిచేయడం లేదు. దాన్ని ఆపుతున్నది పరాన్నజీవి కాదని, దాన్ని ఎదుర్కొనే తెల్ల రక్తకణాలు విడుదల చేస్తున్న ఒక ప్రొటీన్ అని వారు కనుగొన్నారు. గాజు పళ్లెంలో పెంచిన ఎలుక కొవ్వు కణాల మీద దాన్ని వేసి చూసి నిర్ధారించుకున్నారు. కృశింపజేసేది కాబట్టి కాకెక్టిన్ అని పేరు పెట్టారు. 1985లో బ్రూస్ బాయ్‌ట్లర్, సెరామీ దాన్ని శుద్ధి చేసి చూసేసరికి, పదేళ్ల క్రితం లాయిడ్ ఓల్డ్ బృందం కణితులను చంపే పదార్థంగా గుర్తించిన ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్, అంటే టీఎన్‌ఎఫ్, ఇదీ ఒకటేనని తేలింది. రోగనిరోధక వ్యవస్థ పంపే సందేశాన్ని కొవ్వు కణం వింటుందని దీనితో రుజువైంది.

కొవ్వు కణం వినడమే కాదు, తానూ సందేశాలు పంపుతుందని మరో రెండేళ్లలో తెలిసింది. బోస్టన్‌లో బ్రూస్ స్పీగెల్‌మన్ బృందం 1987లో కొవ్వు కణాలు విడుదల చేసే అడిప్సిన్ అనే ప్రొటీన్‌ను వర్ణించింది. క్రిములను చంపడానికి రక్తంలో సిద్ధంగా ఉండే కాంప్లిమెంట్ వ్యవస్థలో అదొక భాగమని 1989లో గుర్తించారు. నిల్వ సరుకు అనుకున్నది రోగనిరోధక వ్యవస్థ పనిముట్లను తయారు చేస్తోంది.

అదే ప్రయోగశాలలో టర్కీ నుంచి వచ్చిన గోఖాన్ హోతామిష్లిగిల్ ఒక వింత గమనించారు. బక్కచిక్కించే టీఎన్‌ఎఫ్ బాగా బలిసిన ఎలుకల కొవ్వులో ఎక్కువగా ఉంది. ఒక జాతి కాదు, వేర్వేరు కారణాలతో లావెక్కిన అనేక జాతుల ఎలుకల్లోనూ అదే పరిస్థితి. ఆ టీఎన్‌ఎఫ్‌ను పట్టి బంధించే ప్రొటీన్‌ను లావుపాటి ఎలుకలకు ఎక్కిస్తే వాటి ఇన్సులిన్ మళ్లీ పనిచేయసాగింది. హోతామిష్లిగిల్, నరీందర్ షార్గిల్, స్పీగెల్‌మన్ పేర్లతో 1993 జనవరిలో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ వ్యాసంతో ఈ రంగం పుట్టిందనడం అతిశయోక్తి కాదు. మూడేళ్ల తర్వాత వారే లోపలి యంత్రాంగాన్నీ చూపించారు. ఇన్సులిన్ వచ్చి తాకినప్పుడు కణం లోపల సందేశాన్ని ముందుకు చేరవేసే ఐఆర్‌ఎస్-1 అనే ప్రొటీన్ మీద, టీఎన్‌ఎఫ్ ప్రభావం వల్ల, ఫాస్ఫేట్ ఉండకూడని చోట వచ్చి చేరుతోంది. దాంతో సందేశం అక్కడే ఆగిపోతోంది. 1997లో టీఎన్‌ఎఫ్ జన్యువే లేని ఎలుకలను లావెక్కించి చూస్తే, ఇన్సులిన్ నిరోధకత వాటికి చాలావరకు తప్పింది.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పింది. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే యాంటీబాడీని స్థూలకాయంతో పాటు మధుమేహం ఉన్న రోగులకు ఒక మోతాదు ఇచ్చి నాలుగు వారాలు చూశారు. చక్కెర తగ్గలేదు, ఇన్సులిన్ పనితీరు మారలేదు. ఆ ఫలితం 1996లోనే అచ్చయింది. అంటే ఎలుకల్లో సిద్ధాంతం బలపడుతున్న రోజుల్లోనే మనుషుల్లో అది మొదటి పరీక్ష తప్పింది. ఈ రంగంలో ఇదే వరస తర్వాత కూడా పదే పదే కనిపిస్తుంది. ఒక మోతాదు చాలదని, రక్తంలో తిరిగే యాంటీబాడీ కొవ్వు లోపలికి తగినంత చేరదని వాదించవచ్చు. ఆ వాదనల్లో బలం లేకపోలేదు.

మరో వైపు జనాభా అధ్యయనాలు అనుమానాన్ని పెంచుతూ వచ్చాయి. రెండో రకం మధుమేహం సహజ రోగనిరోధక వ్యవస్థకు చెందిన జబ్బేమో అని లండన్‌కు చెందిన జాన్ పికప్, మార్టిన్ క్రూక్ 1998లో ఒక వ్యాసం శీర్షికగానే అడిగేశారు. శరీరంలో వాపును సూచించే సీ రియాక్టివ్ ప్రొటీన్ ఎక్కువగా ఉన్న ఆరోగ్యవంతులైన మహిళల్లో ఆ తర్వాతి ఏళ్లలో మధుమేహం ఎక్కువగా వచ్చినట్లు 2001లో అమెరికాలో తేలింది. అయితే వాపు ఎక్కడిది? రోమన్ రచయిత సెల్సస్ కాలం నుంచి వైద్యులు వాపుకు నాలుగు గుర్తులు చెబుతూ వచ్చారు: ఎర్రబడటం, వేడెక్కడం, ఉబ్బడం, నొప్పి. లావుపాటి మనిషి పొట్టలోని కొవ్వులో ఇవేవీ కనిపించవు. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడాల్సిందే.

అలా చూసిన రెండు వ్యాసాలు 2003 డిసెంబరులో జర్నల్ ఆఫ్ క్లినికల్ ఇన్వెస్టిగేషన్ ఒకే సంచికలో వచ్చాయి. ఒకటి కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆంథొనీ ఫెరాంటే బృందానిది, మరొకటి మిలీనియం ఫార్మాస్యూటికల్స్ అనే మందుల కంపెనీలో హాంగ్ చెన్ బృందానిది. లావెక్కిన కొవ్వులో విరివిగా పనిచేస్తున్న జన్యువులు ఏవో చూద్దామని ఇద్దరూ వెతికారు. ఇద్దరికీ దొరికినవి కొవ్వు కణాల జన్యువులు కావు, మాక్రోఫేజ్‌ల జన్యువులు. మాక్రోఫేజ్‌లంటే క్రిములనూ చనిపోయిన కణాలనూ మింగి శుభ్రం చేసే తెల్ల రక్తకణాల సంతతి. సన్నని ఎలుకల్లోనూ మనుషుల్లోనూ కొవ్వు కణజాలంలోని కణాల్లో వీటి వాటా పది శాతం లోపు. స్థూలకాయుల్లో ఇది దాదాపు 40 శాతానికి చేరుతోందని, అతిగా బలిసిన ఎలుకల్లో సగం దాటుతోందని ఫెరాంటే బృందం అంచనా కట్టింది. ఇవి ఎముక మజ్జలో పుట్టి రక్తం ద్వారా వలస వచ్చి చేరినవని కూడా చూపించింది. కొవ్వులో తయారయ్యే టీఎన్‌ఎఫ్‌లో అధిక భాగం ఈ వలస కణాలదే. కొవ్వులో వాపు జన్యువులు పెరగడం ముందు, రక్తంలో ఇన్సులిన్ విపరీతంగా పెరగడం తర్వాత అని చెన్ బృందం కాలక్రమాన్ని నిర్ణయించింది. పదేళ్లుగా కొవ్వు కణాన్నే దోషిగా చూసినవారు దాని ఇరుగుపొరుగు వైపు తిరగాల్సి వచ్చింది.

ఈ తెల్లకణాలు అక్కడ ఏం చేస్తున్నాయన్నదానికి జవాబు ఇటలీలోని ఆంకోనా నుంచి వచ్చింది. కొవ్వు కణజాలాన్ని జీవితమంతా సూక్ష్మదర్శిని కింద చదివిన సవేరియో చింతి అక్కడి శరీరనిర్మాణ శాస్త్రాచార్యుడు. ఆయన అమెరికాలోని మార్టిన్ ఓబిన్ బృందంతో కలిసి 2005లో ప్రచురించిన చిత్రాల్లో మాక్రోఫేజ్‌లు కొవ్వంతా చెదిరి లేవు. స్థూలకాయంలో వాటిలో 90 శాతానికి పైగా ఒక్కో కొవ్వు కణం చుట్టూ గుండ్రంగా చేరి ఉన్నాయి. బతికున్న కొవ్వు కణంలో ఉండే పెరిలిపిన్ అనే ప్రొటీన్ మధ్యలోని ఆ కణంలో లేదు. అది చచ్చిపోయింది. దాని నూనె బొట్టు మాత్రం మిగిలింది. కళేబరం చుట్టూ రాబందులు మూగినట్లు మాక్రోఫేజ్‌లు దాన్ని చుట్టుముట్టాయి. కొవ్వు కణం వెడల్పు వంద మైక్రాన్లు దాటవచ్చు. ఏ ఒక్క మాక్రోఫేజ్ వల్లా అంత పెద్ద బొట్టును మింగడం కాదు. అందుకే అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి, అనేక కేంద్రకాలున్న భారీ కణాలుగా మారి, అంచుల నుంచి కొంచెం కొంచెంగా జీర్ణం చేసుకుంటాయి. ఈ అమరికకు పరిశోధకులు కిరీటం పేరు పెట్టారు.

ఆ వ్యాసంలో అంతగా ప్రచారానికి నోచుకోని ఒక పరిశీలన ఉంది. కొవ్వును కరిగించే ఒక ఎంజైమ్ లేని ఎలుకలను కూడా వారు చూశారు. అవి లావుగా లేవు, వాటి మొత్తం కొవ్వు పెరగలేదు. కానీ ఒక్కొక్క కొవ్వు కణం మాత్రం ఉబ్బి పెద్దదైంది. ఆ ఎలుకల్లో కూడా కణాల చావు 15 రెట్లు పెరిగింది, చుట్టూ మాక్రోఫేజ్‌లు చేరాయి. అంటే వాపుకు మూలం మనిషి బరువు కాదు, కణం మోస్తున్న బరువు. ఈ చరిత్ర ఇక్కడే మలుపు తిరిగిందని నాకనిపిస్తుంది.

తర్వాతి ఏళ్లలో పాత్రధారుల సంఖ్య పెరిగింది. సన్నని ఎలుకల కొవ్వులో మరమ్మతు పనిలో ఉండే మాక్రోఫేజ్‌లు, లావెక్కాక దాడి చేసే రకానికి దారి ఇస్తున్నాయని 2007లో మిషిగన్ నుంచి కేరీ లుమెంగ్, ఆలన్ సాల్టీల్ రాశారు. 2009లో టీ కణాల వంతు వచ్చింది. వాటిలో కొన్ని మాక్రోఫేజ్‌లను పిలుస్తాయి, కొన్ని అదుపులో ఉంచుతాయి. జాబితా ఇంకా పెరుగుతూనే ఉంది.

ఈలోగా ఎబ్‌స్టైన్ మందు తిరిగి వచ్చింది. కణంలో వాపు జన్యువులను మేల్కొలిపే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే వ్యవస్థను సాలిసిలేట్ అడ్డుకుంటుందని యేల్ విశ్వవిద్యాలయంలో శంకర్ ఘోష్ బృందం 1994లో కనుగొంది. ఆ వ్యవస్థలోని ఐకేకే-బీటా అనే ఎంజైమ్‌ను సాలిసిలేట్‌తో అణచినా, జన్యువును తగ్గించి అణచినా, లావుపాటి ఎలుకల్లో ఇన్సులిన్ పనితీరు మెరుగవుతుందని బోస్టన్‌లోని జాస్లిన్ కేంద్రంలో స్టీవెన్ షూల్సన్ బృందం 2001లో చూపించింది. ఆస్పిరిన్ అంతగా రక్తస్రావం కలిగించని సాల్సలేట్ అనే సోదర మందుతో మనుషుల మీద పరీక్షలు జరిగాయి. 286 మంది మీద 48 వారాలు సాగిన పరీక్ష ఫలితం 2013లో వచ్చింది. మూడు నెలల సగటు చక్కెరను సూచించే హెచ్‌బీఏ1సీ 0.37 శాతం తగ్గింది. తగ్గిన మాట నిజమే గానీ, చాలా మధుమేహ మందులు అంతకన్నా ఎక్కువే తగ్గిస్తాయి. పైగా చెడు కొలెస్టరాల్, మూత్రంలో పోయే ఆల్బుమిన్ కొద్దిగా పెరిగాయి. 137 ఏళ్ల నిరీక్షణకు దక్కిన ఫలం అది.

ఇంత తక్కువ ఎందుకు దక్కిందో తెలియాలంటే వాపు సిద్ధాంతానికి ఇబ్బంది కలిగించిన పరిశీలనలను పక్కన పెట్టుకుని చూడాలి. ఒంట్లో కొవ్వు దాదాపు లేకపోయినా తీవ్రమైన మధుమేహం ఉన్న రోగిని లండన్ వైద్యుడు ఆర్. డి. లారెన్స్ 1946లోనే వర్ణించారు. కొవ్వు లేని ఎలుకలకు 2000లో కొవ్వు అంటుకట్టి చూస్తే మధుమేహం నయమైంది. అడిపొనెక్టిన్ అనే హార్మోన్‌ను అధికంగా తయారు చేసే ఎలుకలను ఫిలిప్ షెరర్ బృందం 2007లో సృష్టించింది. అవి మామూలు స్థూలకాయ ఎలుకలకన్నా ఎంతో లావెక్కాయి గానీ వాటి ఇన్సులిన్ చక్కగా పనిచేసింది. వాటి కొవ్వు కణాలు చిన్నవి, సంఖ్యలో ఎక్కువ. ఇక 2004లో సెయింట్ లూయిస్‌లో శామ్యూల్ క్లైన్ 15 మంది స్థూలకాయ మహిళలకు శస్త్రచికిత్సతో చర్మం కింది కొవ్వును దాదాపు 10 కిలోలు పీల్చి తీయించి, మూడు నెలల తర్వాత పరీక్షించారు. ఇన్సులిన్ పనితీరు మారలేదు, రక్తంలో వాపు సూచికలు కూడా తగ్గలేదు. తీసేసింది కొన్ని కణాలను మాత్రమే. మిగిలినవి అప్పటిలాగే నిండి ఉన్నాయి. వాపు ప్రక్రియను కొవ్వు కణాల్లోనే అణచివేసిన ఎలుకలకు కొవ్వు తిండి పెట్టి చూసిన షెరర్ బృందం 2014లో మరో విషయం చెప్పింది. వాటి కొవ్వు సరిగా విస్తరించలేకపోయింది, కొవ్వు కాలేయంలోకి చేరింది, చక్కెర అదుపు ఇంకా చెడింది. కొవ్వుకు చోటు కల్పించే మరమ్మతులో కొంత వాపు అవసరమన్నమాట.

కణం పరిమాణం, కొవ్వు చేరే చోటు ముఖ్యమన్న ఈ దృష్టితో చూస్తే మన దేశపు చిక్కుముడి కొంత విడుతుంది. పుణేలోని కేఈఎం ఆసుపత్రి వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్‌లో తమ ఇద్దరి ఫొటోనే ప్రచురించారు. ఇద్దరి బాడీ మాస్ ఇండెక్స్ 22.3. ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. వైద్య పత్రికల్లో ఇంత తక్కువ మాటల్లో ఇంత విషయం చెప్పిన పేజీలు అరుదు. పుణే పరిసర గ్రామాల్లో సగటున 2.7 కిలోల బరువుతో పుట్టిన బిడ్డలు ఇంగ్లండ్‌లో 3.5 కిలోలతో పుట్టినవారితో పోలిస్తే కండలోనూ పొట్ట అవయవాల్లోనూ వెనకబడ్డారు గానీ, కొవ్వులో అంతగా తగ్గలేదని యాజ్ఞిక్ బృందం అంతకు ముందే చెప్పింది. 2007లో డల్లాస్‌లో జరిగిన అధ్యయనంలో దక్షిణాసియా పురుషుల కొవ్వు కణాలు, తెల్లజాతివారి కణాలకన్నా పెద్దవిగా కనిపించాయి. చూడటానికి సన్నగా ఉండి నలభైకే చక్కెర జబ్బు పడేవారు మన ఊళ్లలో ఇంతమంది ఎందుకున్నారన్నదానికి పూర్తి జవాబు ఇది కాకపోవచ్చు. బరువు తూచే యంత్రం అందరికీ ఒకేలా వర్తించదని మాత్రం చెబుతోంది.

హైదరాబాద్‌కూ ఈ చరిత్రలో ఒక పేజీ ఉంది. 1918లో కూనూర్‌లో మొదలై 1958లో తార్నాకకు మారిన జాతీయ పోషకాహార సంస్థ తన ఎలుకల సంతతిని 1920ల నుంచి కాపాడుకుంటూ వస్తోంది. ఆ సంతతిలో సహజంగానే పుట్టుకొచ్చిన స్థూలకాయ ఎలుకను ఎన్. వి. గిరిధరన్ బృందం 1996లో లోకానికి పరిచయం చేసింది. అతిగా తినడం, రక్తంలో ఇన్సులిన్, కొవ్వులు పెరగడం, కంట్లో శుక్లాలు, తక్కువ ఆయుష్షు దాని లక్షణాలు. విదేశీ ఎలుకల మీద ఆధారపడకుండా ఇక్కడే పరిశోధన సాగడానికి అది దారి చూపింది.

వాపును అణచితే రోగం తగ్గుతుందా అన్న ప్రశ్నకు అతి పెద్ద పరీక్షలు గుండె వైద్యంలో జరిగాయి. గుండెపోటు వచ్చి, వాపు సూచిక ఎక్కువగా ఉన్న 10,061 మంది మీద, వాపును రేపే ఇంటర్‌ల్యూకిన్-1-బీటా అనే ప్రొటీన్‌ను అడ్డుకునే కానకినుమాబ్ మందుతో చేసిన పరీక్ష ఫలితం 2017లో వచ్చింది. గుండెపోట్లు, పక్షవాతాలు, గుండె జబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. కొత్తగా మధుమేహం రావడం మాత్రం తగ్గలేదు. ఆ పరీక్ష నడిపిన హార్వర్డ్ బృందమే చవకైన మెథోట్రెక్సేట్‌తో, గుండె జబ్బుతో పాటు మధుమేహమో, నడుము కొలత, రక్తపోటు, చక్కెర వంటివి కలిసి పెరిగే మెటబాలిక్ సిండ్రోమో ఉన్న 4,786 మంది మీద మరో పరీక్ష చేసింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో రూపుదిద్దుకున్న ఆ మందుల కుటుంబం క్యాన్సర్‌లోనూ కీళ్లవాతంలోనూ ఎన్నో ప్రాణాలు నిలిపింది. ఇక్కడ మాత్రం ఫలితం సున్నా. వాపు సూచికలు కూడా కదల్లేదు. వాపు అంటే ఒకే ప్రక్రియ కాదని, ఒక దారిని మూస్తే పనిచేసే చోట మరో దారిని మూస్తే ఏమీ కాదని ఈ రెండు పరీక్షలు పక్కపక్కనే చూపించాయి.

కణం మోసే బరువునే దించితే ఏమవుతుందో 2023లో తెలిసింది. గుండె జబ్బు ఉండి, మధుమేహం లేని, అధిక బరువున్న 17,604 మంది మీద బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ మందుతో చేసిన పరీక్షలో గుండె సంబంధిత ప్రమాదాలు 20 శాతం తగ్గాయి. వాపు సూచిక మూడో వంతుకు పైగా పడిపోయింది. బరువు పెద్దగా తగ్గకముందే ప్రయోజనం మొదలైంది. తర్వాత జరిగిన విశ్లేషణలో నడుము కొలత తగ్గడం ఆ ప్రయోజనంలో దాదాపు మూడో వంతును మాత్రమే వివరించగలిగింది. మిగతాదానిలో వాపు తగ్గడానికి ఎంత వాటా ఉందో విడదీయాలంటే బరువును ముట్టుకోకుండా కొవ్వులోని వాపును మాత్రమే అణచే మందు కావాలి. అలా కొవ్వు కణజాలానికే పరిమితమై పనిచేసే మందు ఇంకా రాలేదు.